పలుగురాతి గుట్ట మీద కాలిన అడవి: ఆరేళ్ల కేస్ స్టడీ

ఈ కేసులో గుట్ట పేరు, ఊరి పేరు, సంవత్సరం రాయడం లేదు. మనుషుల వివరాలు బయట పెట్టకూడదన్నది ఒక కారణం. రెండో కారణం, అక్కడ ఎర్రచందనం ఉంది. ఏ వాలు మీద ఏ లావు చెట్లున్నాయో రాసిపెడితే దాన్ని ఎవరు ఎందుకు చదువుతారో చెప్పలేం. పాత కడప, చిత్తూరు జిల్లాల నడుమ కొండల్లో ఎక్కడో అనుకోండి, చాలు.

పాడైన అడవుల్ని మళ్లీ నిలబెట్టే పని నాది. సాధారణంగా బాగా కుదిరిన పని గురించే రాస్తుంటాం. ఇందులో మొదటి రెండేళ్లు నేను చేయించిన దాంట్లో సగం అనవసరం, కొంత నష్టం కూడా. అయితే ఆ నిర్ణయాలు తీసుకున్న రోజు ఏదీ తెలివితక్కువగా కనిపించలేదు. అందుకే ప్రతి చోటా అప్పుడు ఏం ఆలోచించానో కూడా రాస్తున్నాను.

నేపథ్యం

దాదాపు వంద ఎకరాల వాలు. శేషాచలం, పాలకొండల వైపు చాలా కొండల్లాగే ఇదీ పలుగురాయే, క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక ఒత్తిడికి గట్టిపడి రాయి అయింది. దాదాపు అంతా సిలికానే. అది అరిగితే మళ్లీ ఇసుకే వస్తుంది, బంకమన్ను రాదు. పోషకాలను పట్టి ఉంచేది బంకమన్నూ, కుళ్లిన ఆకూ. మొదటిది లేదు కాబట్టి అడవి బతుకంతా రెండోదాని మీదే. మా గుట్ట మీద ఆ నల్లటి పైపొర చాలాచోట్ల రెండు వేళ్ల మందం కూడా లేదు. దాని కింద గరుసు, ఆ కింద బండ. బండ పగుళ్లలోకి మాత్రం వేళ్లు చాలా లోతుకు దిగి ఉంటాయి.

కడప వైపు ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల చుట్టూ వాన. కొంత నైరుతిలో, మిగతాది అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాలతో. డిసెంబర్ దాటితే మళ్లీ మే నెల ఉరుముల వాన దాకా చినుకు ఉండదు. జనవరి నుంచి ఆకు రాలుతుంది, ఫిబ్రవరి నుంచి అగ్గి కాలం.

చెట్లు ఆ కొండల్లో మామూలుగా ఉండేవే. ఎర్రచందనం, జాలారి, చిరుమాను, వేగి, తునికి, సార, ఉసిరి, కరక. కింద చిట్టీత, బోదగడ్డి. రాళ్ల మధ్య అక్కడక్కడ పేరీత. ఇది సైకస్ జాతి మొక్క, ఈ కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. ఊరివాళ్లకు గుట్టతో పని ఎప్పుడూ ఉంటుంది. కొట్టాల మీద కప్పడానికి బోద, పొరకలకు చిట్టీత ఆకు, మేకలకూ ఆవులకూ మేత.

సమస్య

ఒక మార్చిలో అగ్గి పడింది. రెండు రాత్రులు కాలింది. ఎవరు పెట్టారో తేలలేదు, నేనూ తేల్చాలనుకోలేదు. కొత్త గడ్డి చిగురు కోసం పెట్టి ఉండొచ్చు, బాట మీద పారేసిన బీడీ అయి ఉండొచ్చు. ఊరి వన సంరక్షణ సమితి, వాళ్లకు సాయం చేసే ఒక ట్రస్టు కలిసి నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి పది రోజులైంది.

గుట్ట మొత్తం నల్లగా ఉంది. ట్రస్టు అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని మొక్కలు పంపమంటారు సార్?" అని. ఆ ప్రశ్నలోనే జవాబు ఉందని నాకు అప్పుడు తట్టలేదు. వాళ్ల దగ్గర ఒక్క వానాకాలానికి సరిపడా డబ్బుంది, ఆ సీజన్‌లోనే ఖర్చు చూపించాలి. నేను కూడా గుంతలు, మొక్కలు, కూలీల లెక్క మొదలుపెట్టేశాను.

ఆ రోజే ఇంకో మాట విన్నాను, విని వదిలేశాను. మేకలు కాసే పెద్దాయన ఒకాయన మాతోపాటు గుట్టెక్కాడు. పూర్తిగా మాడిపోయిన ఒక వేగి మొదట్లో కొడవలి మొనతో బెరడు గీకాడు. పైన నల్లగా ఉంది, నేలకు ఆనుకున్న చోట మాత్రం లోపల పచ్చటి పొర కనిపించింది. "ఇది సావలేదు సార్. దీనికేం చెయ్యబళ్లేదు. వాన పడేదాకా ఊరికే ఉండు" అన్నాడు. నేను ఫొటో తీసుకుని ముందుకెళ్లిపోయాను. కన్సల్టెంటును పిలిపించి "ఊరికే ఉండు" అంటే ఎట్లా అన్న ఇబ్బంది కూడా ఉండిందేమో.

మట్టి పరీక్ష ఎలా దారి తప్పించిందో

అగ్గి పడిన మూడో వారంలో మట్టి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపాం. పీహెచ్ పెరిగింది, పొటాష్ బాగుంది, భాస్వరం కూడా పక్కన కాలని చోటికంటే మెరుగ్గా వచ్చింది. సమితి మీటింగులో ఒకాయన "కాలితే నేలకు బలమొచ్చిందన్నమాట" అన్నాడు. తప్పు మాట కాదు, సగం మాట.

నత్రజని 200 డిగ్రీల సెల్సియస్ దాటితే వాయువుగా పోవడం మొదలవుతుంది. గడ్డి మంట ఆ వేడిని తేలిగ్గా దాటేస్తుంది. ఆకు చెత్తలో ఉన్న నత్రజనిలో పెద్ద భాగం పొగతోనే వెళ్లిపోతుంది. భాస్వరం అలా పోవాలంటే దాదాపు 770 డిగ్రీలు కావాలి కాబట్టి అది చాలావరకు బూడిదలో మిగులుతుంది. పొటాష్, సున్నం కూడా అంతే. వేడికి నేలలోని సేంద్రియ పదార్థం కొంత విడిపోయి మొక్కకు వెంటనే అందే అమ్మోనియం కూడా కొన్ని వారాలు పెరుగుతుంది. రిపోర్టు చూపించింది ఈ బూడిద బలాన్ని. నేలలో మొత్తంగా ఎంత తగ్గిందో ఆ కాగితంలో లేదు.

డిసెంబర్‌లో, ఈశాన్య వానల తరవాత, అవే చోట్ల మళ్లీ నమూనాలు తీశాం. అన్నీ "తక్కువ" గడిలోకి పడిపోయాయి. బూడిద ఎక్కడికి పోయిందో వెతకాల్సిన పని లేకపోయింది. వంక చివర ఉన్న కుంట అడుగున నల్లటి బురద పేరుకుని ఉంది. ఇసుక నేలకు దాన్ని పట్టి ఉంచే చెయ్యి లేదు.

ఇది డిసెంబర్‌లో తెలిసినందువల్ల లాభం లేదు. బూడిదను ఆపాలంటే మే నెల మొదటి ఉరుముల వానకు ముందే ఆపాలి. మేం వాలుకు అడ్డంగా రాతి వరసలు పేర్చింది ఆగస్టులో. అప్పటికి మాకు గుంతల టెన్షనే ఎక్కువ, రాళ్ల సంగతి తీరిగ్గా చూద్దామనుకున్నాం.

మొదటి ప్రయత్నం: గుంతలు

కింది వాలులో 45 సెంటీమీటర్ల కొలతతో 600 గుంతలు తవ్వించాం. ఎర్రచందనం, ఉసిరి, వేప, కానుగ మొక్కలు. నేల పేదది కాబట్టి గుంతకు గుప్పెడు డీఏపీ. నా వాదన సూటిగానే ఉంది. నేలలో లేనిదాన్ని మనం ఇస్తే మొక్క నిలదొక్కుకుంటుంది.

మొక్క కంటే గడ్డి వేరు వేగంగా అల్లుకుంటుందన్న సంగతి లెక్కలోకి రాలేదు. తవ్విన మెత్తటి మట్టి, ఎరువు, తడి మూడూ ఒకేచోట ఉంటే ముందు అందుకునేది గడ్డే. సెప్టెంబర్‌కల్లా ప్రతి గుంతా ఒక గడ్డి కుదురైంది. మొక్కలు ఆ నీడలో సాగి, సన్నబడి, ఫిబ్రవరి ఎండకు వాలిపోయాయి. రెండో వేసవి దాటి బతికినవి పట్టుమని పాతిక కూడా లేవు. వాటిలో ఎక్కువ వేప. ఆ గుట్ట మీద వేప ఎందుకు నాటానని ఇప్పుడెవరైనా అడిగితే, నర్సరీలో ఉంది కాబట్టి అనడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

మొక్కలు చావడం కంటే పెద్ద నష్టం గుంతల్లో దాగి ఉంది. కూలీలు గడ్డపార దించిన చాలా చోట్ల బతికున్న వేళ్లు తెగాయి. చుట్టుపక్కల మాడిన మోళ్లు పిలకలు వెయ్యడానికి దాచుకున్న బలం ఆ వేళ్లలోనే ఉంది. తునికి ఒక్కటే ఈ దెబ్బను లాభంగా మార్చుకుంది. తెగిన వేరు నుంచి పిలక వెయ్యడం దాని అలవాటు. రెండో ఏడు కొన్ని గుంతల్లో ఏపుగా ఉన్న మొక్కల్ని చూసి సంబరపడ్డాం. దగ్గరికెళ్లి చూస్తే తునికి పిలకలు, మేం నాటినవి వాటి పక్కన ఎండుపుల్లల్లా ఉన్నాయి.

ఇంతలో మేం చెయ్యి పెట్టని పై వాలు సంగతి వేరుగా నడిచింది. మొదటి రెండు మూడు వారాల్లోనే, వాన లేకుండానే, చిట్టీత పచ్చబడింది. పేరీత నల్లటి మొద్దు నెత్తిన లేత ఆకుల గొడుగు విప్పింది. మే వాన పడగానే మోళ్ల మొదళ్ల నుంచి పిలకలు. జూలైకి బందారు పొదల విత్తనాలు ఒత్తుగా మొలిచాయి. బందారు గింజ పెంకు గట్టిది, వేడి తగిలి పగిలితే నీరు లోపలికి దిగుతుంది. ఆ పేరీత ఫొటో ట్రస్టు రిపోర్టులో "నాటిన మొక్కల ఎదుగుదల" అన్న శీర్షికతో అచ్చయింది. సరిదిద్దించాం గానీ, ఆ పొరపాటులో నాకు నేను కనిపించాను.

అడవి బలం నేల కింద ఉందన్నది అక్కడ అర్థమైంది. ఇలాంటి పేద నేలల్లో చెట్లు సంపాదనను పైన ఖర్చు పెట్టవు, వేరుమొదట్లో పిండిపదార్థంగా దాచుకుంటాయి. బ్రెజిల్‌లో సెరాడో అనే గడ్డి అడవుల్లోనూ నేల బాగా కడుక్కుపోయిన పేద నేలే, అక్కడి చాలా మొక్కలకు నేల కింద కట్టెలాంటి లావాటి దుంపలుంటాయి. మన కొండల్లో అంత స్పష్టంగా దుంప కనిపించకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే. మార్చిలో ఆకు రాలి, బలమంతా కిందికి దిగి ఉన్న సమయంలో పడిన అగ్గి పైభాగాన్ని కాలుస్తుంది, బొక్కసం ముట్టదు. అదే మే నెలలో, కొత్త ఆకు తొడిగి ఆ బలం ఖర్చయిపోయాక పడితే చెట్టు రెండుసార్లు నష్టపోతుంది.

రెండో ప్రయత్నం: గుట్ట మూసేయడం

పిలకలే దారి అని తేలాక వాటిని కాపాడాలి. మేకలు పిలకల్ని తింటాయి. కాబట్టి రెండో ఏడు సమితి తీర్మానం చేసి గుట్టను మూసేసింది. మేత లేదు, బోద కోత లేదు, ముళ్లకంచె వేశారు. నేనే గట్టిగా చెప్పాను. వాదన ఇదీ: నేల పేదది, ఇక్కడి నుంచి ఒక్క పుల్ల కూడా బయటికి పోకూడదు, ఎందుకంటే ప్రతి గడ్డిమోపుతో కొంత నత్రజని, కొంత భాస్వరం పోతాయి.

కాగితం మీద ఇది ఇప్పటికీ సరైన లెక్కే. నేల మీద రెండు సీజన్ల గడ్డి కొయ్యకుండా, మెయ్యకుండా ఛాతీ ఎత్తున నిలబడి ఎండింది. మూడో ఏడు మార్చిలో పక్క గుట్ట నుంచి అగ్గి వచ్చింది. మొదటిసారి రెండు రాత్రులు పాకిన మంట ఈసారి ఒక్క మధ్యాహ్నంలో శిఖరం దాటింది.

ఉపగ్రహ అలర్టు వచ్చింది. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ అలర్టులు ఇస్తోంది, ఉపయోగపడేవే. కానీ ఇప్పుడు వాడే మెరుగైన సెన్సర్‌లో కూడా ఒక గడి 375 మీటర్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. మా గుట్ట మొత్తం మూడు గడులు. అగ్గి ఏ పక్క నుంచి ఎక్కుతోందో చెప్పేది గుట్ట మీద ఉన్న మనిషే. కంచె వేశాక గుట్ట మీద మనుషులే లేరు. మేక కాపర్లు ఉండే రోజుల్లో పొగ కనిపిస్తే గంటలో ఊరికి తెలిసేది.

రెండో అగ్గి తరవాత లెక్క పెట్టాం

ఈసారి మొక్కల ఆర్డరు ఇవ్వలేదు. మూడు చోట్ల పది మీటర్ల గడులు గీసి, ప్రతి మోడుకూ నంబరు కట్టి, వానలు పడ్డాక నెలనెలా చూశాం. ఎర్రచందనం మోళ్లను ముట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి కాబట్టి చూడటం, రాయడం తప్ప అప్పటికి ఏమీ చెయ్యలేదు.

మొదటి అగ్గి తరవాత లేచిన పిలకల్లో రెండో మంటను తట్టుకున్నవి కొన్నే. మనిషి ఎత్తు దాటి, మణికట్టు లావు అయినవి. అవి కూడా ఎక్కువగా బండల మధ్య, గడ్డి పలచగా ఉన్న చోట్లే ఉన్నాయి. మిగతావన్నీ నేల దాకా మాడి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాయి. మొదటిసారి ఒక మోడుకు నాలుగైదు లావాటి పిలకలొస్తే, రెండోసారి పదీ పన్నెండు, పెన్సిల్ సన్నంగా. కొన్ని ముసలి మోళ్లు అసలు లేవలేదు. బందారు అయితే దాదాపు కనిపించలేదు. మొదటి అగ్గికి మొలిచినవి కాసి విత్తనం రాల్చేలోపే రెండోది వచ్చేసింది. నేలలో దాచిన గింజలు మొదటిసారే ఖర్చయిపోయాయి.

ఉపగ్రహ చిత్రంలో ఇవేవీ లేవు. మొదటి అగ్గి తరవాతి అక్టోబర్‌లో ఎంత పచ్చగా ఉందో, రెండోదాని తరవాతి అక్టోబర్‌లోనూ గుట్ట అంతే పచ్చగా ఉంది. సమితివాళ్లు "మళ్లీ లేచింది కదా సార్" అన్నారు. లేచిన మాట నిజమే. వేరుమొదట్లో ఉన్న డిపాజిట్ తీసి లేచింది. రెండేళ్లలో దాన్ని మళ్లీ జమ చేసే తీరిక దానికి దొరకలేదు.

అప్పటి నుంచి నేను అడిగే ప్రశ్న మారింది. ఎంత కాలింది, ఎంత పచ్చబడింది అన్నవి పక్కన పెట్టి, ఒక పిలక మంటకు అందనంత ఎత్తుకూ, మంటను తట్టుకునేంత బెరడు మందానికీ చేరడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఆ ఏళ్లు మనం ఇవ్వగలమా అని చూస్తాను. సారవంతమైన నేలలో ఆ గడువు చిన్నది. పలుగురాతి నేలలో చాలా పిలకలు ఏడాదికి జానెడో మూరెడో పెరుగుతాయి.

పని చేసినవి

మొదటి పని ఈసారి ఏప్రిల్‌లోనే అయింది. వాలుకు అడ్డంగా రాతి వరసలు, వాటి వెనక మాడిన కొమ్మలు. ఆ కొమ్మల్ని వంటచెరకుకు తీసుకెళ్తామని అడిగారు, అది న్యాయమైన కోరికే. బాటకు దగ్గరున్నవి తీసుకోండి, వాలు మీదివి వదలండి అని ఒప్పందం. మే వానకు బూడిద, ఆకు చెత్త, గింజలు ఆ వరసల వెనక ఆగాయి. ఆ సంవత్సరం విత్తనం నుంచి మొలిచిన మొక్కలు మాకు కనిపించింది ఎక్కువగా ఆ వరసల వెనకే.

రెండోది, తెల్ల బూడిద చోట్లు. అగ్గి పడిన వారంలోపు వెళ్తే బూడిద రంగు చాలా చెబుతుంది. నల్లగా ఉంటే పైపైన కాలింది, కింద వేళ్లు బతికే ఉంటాయి, ఏమీ చెయ్యొద్దు. పడిపోయిన మాను గంటల తరబడి రగిలిన చోట బూడిద తెల్లగా, మట్టి ఇటుక రంగులో ఉంటుంది. అక్కడ వేళ్లు కూడా చచ్చి ఉంటాయి. గుట్ట మొత్తంలో అలాంటివి చాపంత చాపంత మచ్చలు, అంతే. ఆ మచ్చల్లో మాత్రమే జూన్‌లో ఆ గుట్ట చెట్ల విత్తనాలే చల్లాం. పక్కన కాలని చోటి నుంచి దోసెడు పైమట్టి తెచ్చి కలిపాం. పప్పుజాతి చెట్ల వేళ్లలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు, వేళ్లకు భాస్వరం అందించే బూజు ఆ మట్టితో వస్తాయన్నది ఆలోచన. మొలకలు నిలిచాయి. మట్టి కలపని మచ్చ ఒకటి పోలికకు వదలకపోవడం నా పొరపాటు, అందుకే ఆ మట్టివల్లే నిలిచాయని రాయలేను.

మూడోది గడ్డి, దీని మీదే ఎక్కువ తర్జనభర్జన జరిగింది. కొయ్యకపోతే మంట, కోస్తే పోషకాలు బయటికి. దారి క్యాలెండర్‌లో దొరికింది. బోద లాంటి ఏళ్లతరబడి బతికే గడ్డి, వానలయ్యాక పండుబారేటప్పుడు ఆకులోని నత్రజనిని, భాస్వరాన్ని చాలావరకు వేళ్లలోకి వెనక్కి లాక్కుంటుంది. నవంబర్‌లో పచ్చగా కోస్తే ఆ సారమంతా మోపుతో పోతుంది. జనవరిలో, పసుపు తిరిగి గలగలలాడే గడ్డి కోస్తే పోయేది ఎక్కువగా ఉత్త పీచే. ఫిబ్రవరి వస్తే అగ్గి కాలం. అంటే సంక్రాంతి తరవాత మూడు వారాలు, అంతే గడువు. కొట్టం కప్పడానికి కూడా ఆ ఎండుబోదే కావాలి. ఊరి ఆడవాళ్లు ఈ సంగతి వినగానే నవ్వారు. "మా అత్తోళ్లు ఎప్పుడూ పండగ పొయ్యాకే కోసేది సార్, మీరొచ్చి ఆపిస్తిరి" అంది ఒకావిడ. నిజమే, ఆపించింది నేనే.

మొత్తం గుట్ట కొయ్యలేదు. పిలకలు ఒత్తుగా ఉన్నచోట, బాటల పక్కన, పక్క గుట్ట అంచున. మధ్య మధ్యలో వదిలేశాం, పక్షులకూ నేలకూ.

నాలుగోది, మేక కాపర్లతో మాట. ముళ్లకంచె తీసేశాం. గుంతలు తవ్వి పాడుచేసిన కింది వాలును వాళ్ల మేతకు వదిలి, పై వాలులోకి మూడేళ్లు తోలొద్దని అడిగాం. బదులుగా వాళ్లకు కావాల్సిన లేత చిగురు కోసం, అటవీశాఖ వాళ్ల సమక్షంలో, జనవరి పొద్దున మంచు తడి ఆరకముందే, కింది బాట పక్కన సన్నటి పట్టీ కాల్చాం. మంట దాటకుండా ఆపే ఫైర్ లైన్ కూడా అదే అయింది. మాట అందరూ అన్నిరోజులూ నిలబెట్టుకున్నారని చెప్పను. నాలుగో ఏడు ఎండాకాలంలో మేత దొరక్క రెండుమూడుసార్లు మందలు పైకి ఎక్కాయి, కొంత గొడవ అయింది. ఆ ఏడు మేకలు కొరికిన పిలకలు మళ్లీ చిగిర్చాయి. కాలిన పిలకలతో పోలిస్తే వాటి వెనకబాటు చాలా తక్కువ. మేకను అగ్గితో సమానంగా చూడటం మొదట నేను చేసిన ఇంకో పొరపాటు.

ఐదోది పిలకల పలచన. ఒక మోడుకు పన్నెండు పిలకలుంటే ఏదీ లావు కాదు. వెంటనే తీసేయాలనిపిస్తుంది. ఆగాం. మొదటి ఏడు ప్రతి ఆకూ వేరుకు తిండి పంపుతుంది, ఖాళీ అయిన వేరుకు అప్పుడు కావాల్సింది ఎక్కువ ఆకులు. రెండో చలికాలంలో, ఆకు రాలాక, అనుమతి తీసుకుని మోడుకు రెండు మూడు ఉంచి మిగతావి తీశాం. ఉంచేవి ఎత్తును బట్టి కాకుండా పుట్టిన చోటును బట్టి ఎంచాం. మోడు పైన బెరడు నుంచి లేచినవి చూడ్డానికి బాగుంటాయి, గాలికి ఊడిపోతాయి. నేలకు ఆనుకునో, నేల కింది నుంచో లేచినవి సొంత వేళ్లు వేసుకుంటాయి. తీసిన పిలకల్ని ఆ మోడు మొదట్లో వెయ్యలేదు, రాతి వరసల వెనక్కి చేర్చాం. మొదట్లో వేస్తే అది రేపటి చితుకు.

ఎరువు వెయ్యలేదు.

ఇప్పుడు ఇలాంటి చోటికి పిలిస్తే

మొదటి వారంలో వెళ్తాను, బూడిద రంగు చూసి మ్యాపు గీస్తాను. మట్టి పరీక్ష వెంటనే చేయించను. చేయిస్తే ఈశాన్య వానల తరవాత ఇంకోసారి చేయిస్తానన్న షరతుతోనే. బెరడు గీకి చూడటం ఊరి మనిషి చేతే చేయిస్తాను, ఎక్కడ గీకాలో ఆయనకు తెలుసు. డబ్బిచ్చేవాళ్లతో మొదటి మీటింగులోనే ఈ సీజన్ ఖర్చు రాళ్లకూ కాపలాకే తప్ప మొక్కలకు ఉండదని చెప్తాను. ఇది చెప్పడం కష్టం. నాటిన మొక్కల సంఖ్య రాయడానికి వాళ్ల ఫారంలో గడి ఉంటుంది, నాటకుండా మిగిల్చిన వేళ్లకు ఉండదు. ఈ కేసులో రెండో అగ్గి తరవాత ట్రస్టు ఒప్పుకుంది. ఇంకో రెండు చోట్ల వేరేవాళ్లు ఒప్పుకోలేదు, అక్కడ నేను పని తీసుకోలేదు.

అన్ని గుట్టలకూ ఇదే మందు అనడం లేదు. ఇక్కడ మోళ్లు బతికున్నాయి కాబట్టి ఇది కుదిరింది. ఏటేటా కాలి, మోళ్లు కూడా పోయి, బోద ఒక్కటే మిగిలిన గుట్టలున్నాయి. అక్కడ విత్తనమో మొక్కో పెట్టక తప్పదు. అందుకే చివరిసారి ఎప్పుడు కాలింది, దానికి ముందు ఎప్పుడు అన్నది అన్నిటికంటే ముందు అడగాలి. ఊళ్లో ఎవరికీ తేదీలు గుర్తుండవు. "పెద్ద పాప పెళ్లయిన ఏడు", "కుంట తెగిన ఏడు" అని చెప్తారు, దాన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు.

ఆరో ఏడు ఏప్రిల్‌లో బాట వైపు నుంచి మళ్లీ అగ్గి వచ్చింది. జనవరిలో కోసిన చోట మంట చీలమండ ఎత్తున పాకి, రాతి వరసల దగ్గర తడబడి, సాయంత్రానికి ఆరిపోయింది. పలచన చేసిన పిలకల కింది ఆకులు మాడాయి, కొనలు నిలిచాయి. కొయ్యకుండా వదిలిన ఒక మడిలో మాత్రం పిలకలు మళ్లీ నేల దాకా పోయాయి. మే వాన తరవాత పెద్దాయనతో కలిసి అక్కడికెళ్లాను. ఈసారి కొడవలి నాకిచ్చాడు. గీకిన ఏడు మోళ్లలో ఐదింటికి పచ్చ ఉంది.